కోత అనరు, బకాయి అంటారు

2019 బడ్జెట్‌లో కేంద్రం ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనకు 6,400 కోట్ల రూపాయలు రాసింది. ఏడాది తిరిగేసరికి సవరించిన అంచనాలో అది 3,200 కోట్లయింది. మరుసటి ఏడాది మళ్లీ 6,400 కోట్లే రాశారు, ఈసారి 3,100కి దించారు. ఆరోగ్య బీమాకు సగానికి సగం కోత పెట్టాం అని పార్లమెంటులో ఎవరూ లేచి చెప్పలేదు. పథకం ఇంకా కుదురుకోలేదని, రాష్ట్రాలు ఖర్చు చేయలేకపోయాయని, తర్వాత కోవిడ్ వచ్చి ఆసుపత్రులకు జనం రాలేదని అన్నారు. అందులో నిజముంది. కానీ ఒక పథకానికి డబ్బు కేటాయించడం పెద్ద అక్షరాల వార్త, అది వెనక్కి పోవడం మాత్రం బడ్జెట్ పత్రాల్లో ఒక గడిలోని అంకె. మనం మాట్లాడుకోవలసింది ఆ గడి గురించి.

అమెరికాలో ఈ ప్రశ్నకు ఒక స్పష్టమైన రూపం ఉంది: ఫెడరల్ ప్రభుత్వం డబ్బు తగ్గిస్తే రాష్ట్రం నడిపే ఆరోగ్య బీమా ఏమవుతుంది? మన దగ్గర ప్రశ్న అదే, రూపమే వేరు. ఇక్కడ కోత సవరించిన అంచనాగా మొదలై, ఏళ్ల తరబడి కదలని, కుటుంబానికింత అనే పరిమితిగా, రాష్ట్రాలతో పంచుకోని సెస్సుగా మారి, చివరికి ఆసుపత్రి కౌంటర్ దగ్గర "ఈ కార్డు ప్రస్తుతం తీసుకోవడం లేదు" అనే మాటగా రోగిని చేరుతుంది. ఈ మజిలీల్లో ఏ ఒక్కదాని పేరూ కోత కాదు.

సూరత్‌లో తాపీ నదికి పడమటి ఒడ్డున ఉన్న అడాజన్ నుంచి దీన్ని చూడటంలో ఒక సౌకర్యం ఉంది. ఆనంద్ మహల్ రోడ్డు, హనీ పార్క్ రోడ్డు చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో హజీరా కర్మాగారాల ఉద్యోగులు, బ్యాంకు వాళ్లు, చిన్న వ్యాపారులు, విశ్రాంత ఉద్యోగులు ఉంటారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. సర్దార్ వంతెన దాటి, నగరం మీదుగా తూర్పుకు వెళితే లింబాయత్, ఉధనా ప్రాంతాలు వస్తాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీల సూరత్ అది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడపవలసినంతమంది తెలుగువాళ్లు ఈ ఊళ్లో స్థిరపడ్డారు. కంపెనీ గ్రూపు బీమా ఉన్నవాళ్లు, సొంతంగా ప్రీమియం కట్టుకునేవాళ్లు, గుజరాత్ ప్రభుత్వ కార్డు ఉన్నవాళ్లు, ఊళ్లోని ఆరోగ్యశ్రీ మీద ఆధారపడేవాళ్లు, ఏదీ లేనివాళ్లు, అందరూ ఒకే నగరంలో దొరుకుతారు. ఢిల్లీలో ఒక అంకె మారితే వీళ్లలో ఎవరికి ఎంత తగులుతుందో పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ముందుగా ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. పేదలకు పెద్దాసుపత్రి వైద్యం ప్రభుత్వ ఖర్చుతో చేయించాలన్న ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేసింది కేంద్రం కాదు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. అప్పుడది పూర్తిగా రాష్ట్ర ఖజానా మీద నడిచిన పథకం. మరుసటి ఏడాది కేంద్రం రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన తెచ్చింది. కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయలు, అయిదుగురికి, ముప్పై రూపాయల నమోదు రుసుము. ఖర్చులో కేంద్రం 75, రాష్ట్రం 25 వంతులు. గుజరాత్ 2012 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అమృతం యోజన ప్రారంభించింది. సూరత్‌లో ఇప్పటికీ దాన్ని "మా కార్డు" అనే అంటారు. 2014లో దానికి వాత్సల్య అనే కొమ్మ తోడై, దారిద్య్రరేఖకు కాస్త పైనున్నవాళ్లను కూడా చేర్చుకుంది. వీటన్నిటి తర్వాత 2018 సెప్టెంబరు 23న రాంచీలో కేంద్ర పథకం ప్రారంభమైంది, కుటుంబానికి 5 లక్షల పరిమితితో. అందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం 90:10.

75 నుంచి 60కి జారిన ఈ వాటాను చాలామంది గమనించలేదు, ఎందుకంటే 30 వేల పరిమితి 5 లక్షలైందన్న సంబరంలో అది కొట్టుకుపోయింది. అంతకుముందే, 2015-16లో, జాతీయ ఆరోగ్య మిషన్‌లోనూ ఇదే జరిగింది. 75:25గా ఉన్న నిష్పత్తి 60:40 అయింది. కేంద్రం చెప్పిన సమర్థన కొట్టిపారేయదగ్గది కాదు: పద్నాలుగో ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది కదా, ఇక మీ ప్రాధాన్యాలు మీరే చూసుకోండి అని. సూత్రంగా అది బాగానే ఉంది. చిక్కంతా ఆ 42 శాతాన్ని దేని మీద లెక్కకడతారు అన్నదగ్గర వచ్చింది. సెస్సులు, సర్‌ఛార్జీలు పంచుకునే పన్నుల కుండలోకి రావు. 2020-21 నాటికి కేంద్రం స్థూల పన్ను రాబడిలో దాదాపు అయిదో వంతు వాటి రూపంలోనే ఉంది. 2018లో ఆదాయపు పన్ను మీది విద్యా సెస్సును 3 నుంచి 4 శాతానికి పెంచి దానికి "ఆరోగ్య, విద్యా సెస్సు" అని పేరు పెట్టారు. అడాజన్‌లో జీతం తీసుకునే ఉద్యోగి తన పన్ను మీద ఆరోగ్యం పేరుతో కట్టే ఆ డబ్బులో గుజరాత్ ప్రభుత్వానికి గానీ, అతని సొంత తెలుగు రాష్ట్రానికి గానీ హక్కుగా వచ్చే వాటా లేదు. కేంద్రం తన పథకాల ద్వారా, తన షరతులతో ఇస్తే వచ్చినట్టు.

రాష్ట్రాల మధ్య పంపిణీలో తెలుగు రాష్ట్రాల వాటా ఎటు వెళ్లిందో కూడా చూడాలి. పదమూడో ఆర్థిక సంఘం కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 6.937 శాతం వచ్చేది. పద్నాలుగో సంఘంలో రెండు తెలుగు రాష్ట్రాలవీ కలిపితే 6.742, పదిహేనో సంఘంలో 6.149. దేశ జనాభాలో సుమారు 5 శాతం ఉన్న గుజరాత్‌కు దక్కింది 3.478. పేద రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వడం తప్పు కాదు, సమాఖ్య అంటేనే అది. కానీ ఆరోగ్య పథకాన్ని ముందుగా, పెద్దగా నడిపిన తెలుగు రాష్ట్రాల వాటా ఇలా తగ్గుతూ రావడం వల్ల కేంద్ర పథకం ఇచ్చే వాటా వాటికి మరింత ముఖ్యమైంది. ఆ వాటా లెక్క ఎలా ఉందో ఇప్పుడు చూద్దాం.

60 శాతం అంటే రాష్ట్రం చేసిన ఖర్చులో 60 శాతం కాదు. పథకం తొలి ఏళ్లలో కేంద్రం కుటుంబానికి 1,052 రూపాయలను ప్రీమియం గరిష్ఠ పరిమితిగా పెట్టి, అందులో 60 శాతం, అంటే 631 రూపాయలు ఇచ్చింది. అదీ 2011 సామాజిక ఆర్థిక కుల గణన జాబితాలో ఉన్న కుటుంబాలకే. ఈ రెండు తాళాలూ కలిసి ఏం చేశాయో కేరళ చెబుతుంది: అక్కడి కారుణ్య పథకంలో దాదాపు 42 లక్షల కుటుంబాలు ఉంటే, కేంద్రం లెక్కలోకి వచ్చినవి సగానికి కాస్త పైన. తెలంగాణలో కేంద్ర జాబితా కుటుంబాలు సుమారు 26 లక్షలు, ఆరోగ్యశ్రీ కుటుంబాలు దాదాపు 77 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రం సుమారు 55 లక్షల కుటుంబాలను గుర్తిస్తే రాష్ట్రం 1.4 కోట్ల కుటుంబాలకు వర్తింపజేసింది. 26 లక్షలను 631తో గుణించండి. 164 కోట్లు వస్తుంది. 2025 సెప్టెంబరులో తెలంగాణ నెట్‌వర్క్ ఆసుపత్రులు తమకు రావలసింది అని చెప్పిన బకాయి దాదాపు 1,400 కోట్లు. ఆ గరిష్ఠ పరిమితి తర్వాత కొంత పెరిగినా ఈ రెండు అంకెల మధ్య అగాధం పూడదు.

అందుకే తెలంగాణ 2021 మే దాకా కేంద్ర పథకంలో చేరలేదు. ఒడిశా, ఢిల్లీ 2025లో గానీ రాలేదు. బెంగాల్ 2019 జనవరిలో బయటికి వెళ్లింది. వీటి వెనక రాజకీయం లేదని కాదు. ఎవరి బొమ్మ ఉండాలి, ఏ పేరు ఉండాలి అన్న గొడవకు పంజాబ్, కేరళల ఆరోగ్య మిషన్ నిధులు ఆగిన సందర్భాలూ ఉన్నాయి. దవాఖానా బోర్డు మీద ఏ పేరు రాయాలన్నది నిధుల విడుదలకు షరతు కావడం మన సమాఖ్య వ్యవస్థలోని చిల్లరతనం. రెండు వైపులా.

రాష్ట్రాలను కడిగిన ముత్యాలుగా చూపడం నా ఉద్దేశం కాదు. 2023 ఒక్క ఏడాదిలో మూడు రాష్ట్రాలు ఏం చేశాయో చూడండి. గుజరాత్ జులైలో పరిమితిని 5 నుంచి 10 లక్షలు చేసింది, ముందటి ఏడాది ఎన్నికల వాగ్దానం ప్రకారం. తెలంగాణలో డిసెంబరు 9న, కొత్త ప్రభుత్వం వచ్చిన మూడో రోజున, పరిమితి 10 లక్షలైంది. అదే డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలంది, ఎన్నికలు అయిదు నెలల దూరంలో ఉండగా. ఈ పెంపులకు కేంద్రం పైసా కలపలేదు. అసలు సంగతేమిటంటే దేశవ్యాప్తంగా కేంద్ర పథకం కింద ఒక్కో చేరికకు పడిన సగటు ఖర్చు 14 వేల రూపాయల చుట్టూ ఉంది. 5 లక్షలు దాటే రోగులు బహు కొద్దిమంది. పరిమితి పెంచడం ప్రభుత్వానికి చౌక, పోస్టరుకు ఘనం. అదే డబ్బును 14 వేల బిల్లును పదిహేను రోజుల్లో చెల్లించడానికి పెడితే పోస్టరు ఉండదు, రోగికి మంచం ఉంటుంది.

పదిహేను రోజులన్నది నేను కల్పించిన గడువు కాదు. కేంద్ర పథకం నియమాల ప్రకారం సొంత రాష్ట్ర రోగి క్లెయిమును 15 రోజుల్లో, పొరుగు రాష్ట్ర రోగిదైతే 30 రోజుల్లో తేల్చాలి. నిజంలో ఏం జరుగుతోంది? గుజరాత్‌లో 2024 ఫిబ్రవరి చివరి వారంలో ప్రైవేటు ఆసుపత్రుల సంఘం నాలుగు రోజులు సేవలు ఆపుతామని ప్రకటించింది. 2021-23 మధ్య, పథకం బీమా కంపెనీ చేతిలో ఉన్న కాలపు క్లెయిములు సుమారు 300 కోట్లు రాలేదన్నది వాళ్ల ఆరోపణ. హర్యానాలో 2025 ఆగస్టులో వందల ఆసుపత్రులు కార్డులు తీసుకోవడం మానేశాయి. సెప్టెంబరులో తెలంగాణ. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్, అక్కడ సంఘం చెప్పిన బకాయి సుమారు 2,700 కోట్లు. ప్రతిచోటా కథ ఒకే తీరున ముగిసింది. నూరో, రెండొందల యాభయ్యో కోట్లు విడుదలవుతాయి, మిగతాదానికి హామీ వస్తుంది, సేవలు మొదలవుతాయి. కొన్ని నెలలకు మళ్లీ నోటీసు. ఈ రాష్ట్రాల్లో పాలక పార్టీలు వేర్వేరు, పథకాలు నడిపే పద్ధతులు వేర్వేరు. బకాయి మాత్రం అన్నిటా ఉంది.

దీన్ని సోమరితనంగానో అవినీతిగానో తీసిపారేస్తే అసలు పని జరిగే తీరు కనపడదు. రాష్ట్ర బడ్జెట్‌లో జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీ ఆపలేరు. ఓట్లు తెచ్చే నగదు బదిలీలు ఆపరు. కేంద్రం నుంచి విడత ఆలస్యమైనా, వాటా తగ్గినా, రాష్ట్ర ఆర్థిక శాఖ ముందు ఆపగలిగేది కాంట్రాక్టర్ల బిల్లులను, ఆసుపత్రుల బిల్లులను. పైగా కేంద్ర విడత రావాలంటే రాష్ట్రం ముందు తన వాటా జమ చేసి, ఖర్చు లెక్క చూపాలి. డబ్బుకు ఇబ్బంది పడుతున్న రాష్ట్రం తన వాటా వేయలేదు. వేయలేదు కాబట్టి కేంద్రం విడత రాదు. రాలేదు కాబట్టి ఏడాది చివర సవరించిన అంచనాలో "రాష్ట్రాలు ఖర్చు చేయలేదు" అని అంకె దిగుతుంది. మనం మొదట చూసిన 3,200 కోట్ల గడి వెనక ఈ చక్రం కూడా ఉంది.

బకాయికి తోబుట్టువు రేటు కోత. 2023 ఆగస్టు 14 నుంచి మూడు రోజులు గుజరాత్‌లో కిడ్నీ వైద్యులు పథకం కింద డయాలసిస్ ఆపేశారు. ఒక్కో విడతకు ఇచ్చే మొత్తాన్ని 2,000 నుంచి 1,650 రూపాయలకు తగ్గించినందుకు నిరసన అది. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం కావాలి. మూడు రోజులు అన్నది అతనికి సమ్మె వార్త కాదు, ఒంట్లో నీరు. రేటు తగ్గించినప్పుడు బడ్జెట్‌లో ఏ పద్దూ తగ్గినట్టు కనపడదు, లబ్ధిదారుల సంఖ్యా తగ్గదు. చేర్చుకునే ఆసుపత్రులు మాత్రం తగ్గుతాయి, చేర్చుకున్నచోట "ఈ మందు బయట తెచ్చుకోండి" అనే చీటీలు పెరుగుతాయి.

ఆసుపత్రుల మాటను పూర్తిగా నమ్మడం కూడా అమాయకత్వమే. 2023 ఆగస్టులో కాగ్ ఇచ్చిన నివేదికలో ఒకే ఫోన్ నంబరు, తొమ్మిది అంకె పదిసార్లు, దాదాపు 7.5 లక్షల లబ్ధిదారుల పేరు మీద నమోదై ఉంది. చనిపోయినట్టు నమోదైన 3,446 మంది రోగుల పేరిట దాదాపు 7 కోట్ల చెల్లింపులు జరిగాయి. 2024 నవంబరులో మెహసాణా జిల్లాలోని ఒక గ్రామంలో ఉచిత శిబిరం పెట్టి, 19 మందిని అహ్మదాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఏడుగురికి గుండెలో స్టెంట్లు వేశారు, ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత గుజరాత్ ప్రభుత్వం గుండె శస్త్రచికిత్సలకు కొత్త నియమాలు తెచ్చింది. తనిఖీ కట్టుదిట్టమైతే క్లెయిము ఆలస్యమవుతుంది, అది సహజం. కానీ తనిఖీ కోసం ఆపిన బిల్లు ఏది, డబ్బు లేక ఆపిన బిల్లు ఏది అన్నది బయటివాళ్లకు తెలియకుండా ఉంచడం ప్రభుత్వాలకు సుఖంగా ఉంది. దొంగ ఆసుపత్రికీ మంచి ఆసుపత్రికీ ఒకే బకాయి. నష్టపోయేది చిన్న పట్టణంలోని ముప్పై పడకల ఆసుపత్రి, ఎందుకంటే దానికి ఆరు నెలలు ఓపిక పట్టే అప్పు పుట్టదు.

ఇక సూరత్ వలస కార్మికుడి సంగతి. మగ్గాల షెడ్డులో మీటరు లెక్కన కూలీ తీసుకునే మనిషికి ఈఎస్ఐ ఉండాలి. నెల జీతం 21,000 లోపు ఉన్న ఉద్యోగికి యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కట్టే ఆ పథకం నిజానికి కేంద్ర, రాష్ట్ర బడ్జెట్ల ఒడిదుడుకుల మీద పెద్దగా ఆధారపడనిది. కానీ హాజరు పట్టీలో పేరే లేనివాడికి అది ఎక్కడిది? అతనికి మిగిలినవి రెండు దారులు. ఒకటి, గుజరాత్ కార్డు. దానికి ఇక్కడి రేషన్ కార్డు కావాలి, ఏడాది ఆదాయం 4 లక్షల లోపు అని మామ్లత్‌దార్ కార్యాలయం నుంచి ఆవక్‌నో దాఖలో, అంటే ఆదాయ ధ్రువపత్రం, తేవాలి. అద్దె గది చిరునామాతో అవి సంపాదించడం ఎంత కష్టమో సూరత్ తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. పైగా ఇక్కడ రేషన్ కార్డు తీసుకోవాలంటే ఊళ్లో దాంట్లోంచి పేరు తీయించుకోవాలి. అలా చేస్తే ఆరోగ్యశ్రీ పోతుంది, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల కార్డులో యూనిట్లు తగ్గుతాయి. రెండో దారి, ఊళ్లోని కార్డు మీదే ఉండిపోవడం. అప్పుడు సూరత్‌లో పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి వరంగల్ వెళ్లాలి. పక్షవాతమో గుండెపోటో వచ్చినవాడు కాజీపేట దాకా ఎలా వెళతాడు?

దేశంలో ఎక్కడైనా కార్డు చెల్లుతుంది కదా అని అడగవచ్చు. చెల్లేది కేంద్ర పథకం కార్డు. తెలంగాణ 77 లక్షల కుటుంబాల్లో కేంద్రం గుర్తించిన 26 లక్షల కుటుంబాలకే ఆ హక్కు ఉంది. మిగతా కుటుంబాల ఆరోగ్యశ్రీ రాష్ట్రం సొంత డబ్బుతో, తన నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో నడిచేది. హక్కున్నవాళ్లకు కూడా పొరుగు రాష్ట్రపు కార్డు చూపగానే ఆసుపత్రి వెనకాడుతుంది. ఆ బిల్లు తెలంగాణ నుంచి రావాలి, తెలంగాణలోని ఆసుపత్రులకే రావడం లేదాయె.

ఇక్కడ రేషన్ బియ్యంతో పోలిక పనికొస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలకూ చేరింది. వరంగల్ కార్డు ఆహార భద్రత చట్టం కిందిదైతే దాని మీద లింబాయత్‌లోని రేషన్ దుకాణంలో ధాన్యం తీసుకోవచ్చు. అది సాధ్యమైంది ఎందుకంటే ఆ చట్టం కింద ధాన్యం ఖర్చు కేంద్రానిది. ఏ దుకాణంలో తీసుకున్నా ఏ రాష్ట్రానికీ అదనపు భారం లేదు. ఆరోగ్యంలో ప్రతి రూపాయికీ ఏదో ఒక రాష్ట్రం నలభై పైసలో, వంద పైసలో పెట్టుకోవాలి. వలస వచ్చినవాడు రెండు ఖజానాల మధ్య బిల్లు అవుతాడు. కేంద్రం వాటా పరిమితిలో ఉన్నంత కాలం ఆరోగ్య కార్డు రేషన్ కార్డంత సులభంగా ప్రయాణించదు. సూరత్ నేతకార్మికులు తిరిగి రావాలని 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర గీసుగొండలో మెగా జౌళి పార్కుకు పునాది వేశారు. వచ్చినవాళ్లెందరో గానీ, రానివాళ్లకు కార్డు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అడాజన్ అపార్ట్‌మెంట్లకు ఇదంతా పట్టని విషయమా? అలా అనుకునేవాళ్లే ఎక్కువ. నీతి ఆయోగ్ 2021లో లెక్కకట్టిన ప్రకారం దేశంలో 30 శాతం మంది, దాదాపు 40 కోట్ల మంది, అటు పేదల పథకంలోనూ ఇటు ఉద్యోగ బీమాలోనూ లేరు. చిన్న దుకాణం, ట్యూషన్లు, కమీషన్ పని మీద బతికే అడాజన్ కుటుంబాలు ఎన్నో అందులోకే వస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. వాళ్లకు అది ఊరట. జీఎస్టీలో సగం రాష్ట్రాలదే కాబట్టి ఆ ఊరట ఖర్చులో రాష్ట్రాలూ భాగస్వాములే అన్నది మాత్రం ప్రకటనల్లో కనపడలేదు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పనిలేకుండా, కేంద్ర పథకంలో చోటిచ్చారు. అడాజన్ విశ్రాంత ఉద్యోగికి కూడా కార్డు వచ్చింది. మంచిదే, డెబ్బై దాటినవారికి ప్రైవేటు బీమా సులభంగా దొరకదు, దొరికినా చాలామంది ప్రీమియం కట్టలేరు. కానీ అందులోనూ 40 శాతం రాష్ట్రానిదే. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలను చేర్చారు, గిగ్ కార్మికులను చేరుస్తామన్నారు. పంక్తిలో విస్తళ్లు పెరుగుతున్నాయి, వంటశాలలో బియ్యం ఆ మేరకు పెరిగిందా అన్నదే ప్రశ్న. కేటాయింపు 2024-25లో 7,300 కోట్లు, 2025-26లో 9,406 కోట్లు. పెరుగుదల నిజమే. డెబ్బై దాటిన సుమారు 6 కోట్ల మందికీ అర్హత ఇచ్చారన్నదీ నిజమే.

అమెరికాతో తేడా ఇక్కడ తెలుస్తుంది. అక్కడి మెడికెయిడ్‌లో రాష్ట్రం ఎంత ఖర్చు పెడితే దాంట్లో కనీసం సగం, కొత్తగా చేర్చుకున్న వర్గాలకైతే 90 శాతం ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. పై పరిమితి లేదు. అందుకే అక్కడ కోత పెట్టాలంటే చట్టమే చేయాలి. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ పని చేసింది. నెలకు 80 గంటల పని నిబంధన పెట్టింది, రాష్ట్రాలు ఆసుపత్రుల మీద వేసుకునే పన్నులను కుదించింది. 2034 నాటికి కోటి మంది దాకా బీమా కోల్పోతారని వాళ్ల పార్లమెంటు బడ్జెట్ కార్యాలయమే అంచనా ఇచ్చింది. గ్రీన్ కార్డు మీద వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు మొదటి అయిదేళ్లు మామూలుగా ఆ బీమా ఉండదు కనుక మనవాళ్లకు అది దూరపు గొడవలా అనిపించింది. కానీ ఆ చట్టం మీద నెలల తరబడి చర్చ జరిగింది, ఏ రాష్ట్రంలో ఎందరు నష్టపోతారో పత్రికలు లెక్కలు వేశాయి. ఆ చట్టం నాకు నచ్చలేదు. అయినా ఎవరు, ఎప్పుడు, ఎంత తీసేశారో అక్కడి పౌరుడు వేలు పెట్టి చూపగలడు. మన దగ్గర వేలు పెట్టడానికి చోటు లేదు.

ఇంకో కోణం మిగిలింది, అది బీమా కన్నా పాతది. 1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చినప్పుడు లక్షల మంది రాత్రికి రాత్రి ఊరు వదిలారు. ఆ ఊరిని నిలబెట్టినది ఏ ఆరోగ్య కార్డూ కాదు. 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో చెత్త ఎత్తడం, మురుగు కాలువలు, మంచినీరు, రోజువారీ జ్వరాల లెక్క. న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ నేటికీ కార్డు ఉన్నా లేకున్నా పేదవాణ్ని చేర్చుకుంటాయి. అలాంటి వ్యవస్థకు ఊపిరి జాతీయ ఆరోగ్య మిషన్. దాని కేటాయింపు 2024-25లో 36,000 కోట్లు, మరుసటి ఏడాది సుమారు 37,227 కోట్లు. పెరుగుదల 3.4 శాతం, ధరల పెరుగుదలకే సరిపోతుంది. అదే సమయంలో బీమా పద్దు దాదాపు 29 శాతం పెరిగింది. ఆరోగ్యశ్రీ ప్రైవేటు రంగానికి మేలు చేస్తోందని, ప్రాథమిక వైద్యాన్ని వెనక్కి నెడుతోందని రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. ఆ వాదనతో నాకు పూర్తి ఏకీభావం లేదు. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోకుండా బయటపడ్డ కుటుంబాలను ఆ వాదన తక్కువగా లెక్కించింది. కానీ బకాయిలతో బీమా ఆగిన రోజున రోగి వెళ్లేది ప్రభుత్వాసుపత్రికే, దాన్ని ఎండగట్టి బీమాను పెంచడం తప్పు లెక్క అన్నంతవరకు వాళ్ల మాట నిలబడింది.

ప్రతి బకాయికీ ఢిల్లీనే కారణం అనడం అబద్ధం. తెలుగు రాష్ట్రాల బకాయిల్లో ఎక్కువ భాగం సొంత వాగ్దానాలకు సొంత డబ్బు కట్టకపోవడం వల్ల వచ్చింది. ఢిల్లీకి సంబంధం లేదనడం అంతకన్నా పెద్ద అబద్ధం. ప్రభుత్వాలు దేశంలో వైద్యం మీద చేసే ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు రాష్ట్రాలవి, ఖర్చు పెట్టగల పన్నుల శక్తి ఎక్కువగా కేంద్రానిది. 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతం ప్రభుత్వ వైద్య వ్యయం అని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22లో, కోవిడ్ ఖర్చుతో కలిపి కూడా, అది 1.84 శాతం.

చేయవలసినవి కొత్తవేమీ కావు. 15 రోజుల గడువు దాటిన ప్రతి క్లెయిమునూ ఎందుకు ఆగిందో కారణంతో సహా రాష్ట్రాలు నెలనెలా బయటపెట్టాలి. కేంద్రం వాటాను 2011 జాబితాకు కాక రాష్ట్రం నిజంగా కాపాడుతున్న పేద కుటుంబాల సంఖ్యకు ముడిపెట్టాలి. సూరత్, భీవండి, షోలాపూర్‌లలోని ఆరోగ్యశ్రీ కుటుంబాలన్నిటికీ అక్కడి ఆసుపత్రుల్లోనే కార్డు చెల్లేలా తెలంగాణ ప్రభుత్వం గుజరాత్, మహారాష్ట్రలతో ఒప్పందం చేసుకోవాలి. బిల్లు ఎలాగూ తనదే, రైలు ప్రయాణం మాత్రం రోగికి తప్పుతుంది. సూరత్ తెలుగు సంఘాలు ఈ ఒక్క కోరికను రాసి, రాష్ట్ర బడ్జెట్లు తయారయ్యే డిసెంబరు, జనవరిలోనే హైదరాబాద్‌కూ గాంధీనగర్‌కూ పంపాలి. ఈలోగా మీ ఊరి రేషన్ కార్డు కేంద్ర జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే, జబ్బు పడకముందే కార్డు చేయించుకోండి.